ప్రభుత్వ టెండర్లకు ప్రపోజల్ టీమ్‌ను నడిపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్, ఐటీ సేవలు, కన్సల్టెన్సీ అందించే కంపెనీల్లో బిడ్ మేనేజర్లుగా, ప్రపోజల్ మేనేజర్లుగా పనిచేస్తున్నవారి కోసం ఈ పేజీ. కేంద్ర శాఖల టెండర్లు, ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్, తెలంగాణ టెక్నాలజీ సర్వీసెస్ లాంటి సంస్థలు పిలిచే ఆర్‌ఎఫ్‌పీలు (ప్రతిపాదనలు కోరుతూ ఇచ్చే టెండరు పత్రాలు) దృష్టిలో పెట్టుకుని రాశాం. రోడ్లు, కాలువలు, భవనాల టెండర్లకు నియమాలు వేరు, వాటి జోలికి పోలేదు.

ప్రపోజల్ మేనేజర్ పని రాయడమా, రాయించడమా?

రాయించడం. పరిష్కారం రాసేది సొల్యూషన్ ఆర్కిటెక్ట్. ధర కట్టేది ఫైనాన్స్ వాళ్లు. ఒప్పందం షరతులు చదివేది లీగల్ వాళ్లు. శాఖకు అసలు ఏం కావాలో కనుక్కుని వచ్చేది సేల్స్ వాళ్లు. వీళ్లందరి నుంచి సరైన కాగితం, సరైన రూపంలో, సరైన రోజుకు రాబట్టడమే ప్రపోజల్ మేనేజర్ ఉద్యోగం. తానే కూర్చుని 200 పేజీలూ రాసేస్తే ఆ 200 పేజీలను తప్పుపట్టే మనిషి టీమ్‌లో మిగలడు.

దీనికి హోదా కన్నా అధికారం ముఖ్యం. టెండరు వేద్దామని నిర్ణయించిన రోజే ఎండీ లేదా బిజినెస్ హెడ్ పేరుతో అన్ని విభాగాలకూ ఒక మెయిల్ వెళ్లాలి: ఈ బిడ్‌కు ఫలానావారు బాధ్యులు, వారు అడిగిన తేదీకి అడిగినది ఇవ్వాలి అని. ఆ మెయిల్ లేకపోతే బ్యాలెన్స్ షీటు కోసం ఫైనాన్స్ చుట్టూ, సీవీల కోసం హెచ్‌ఆర్ చుట్టూ తిరగడంతోనే మొదటి వారం గడిచిపోతుంది.

ఆర్‌ఎఫ్‌పీ చేతికి రాగానే ఎక్కడి నుంచి చదవాలి?

స్కోప్ (పని పరిధి) నుంచి మాత్రం కాదు. అక్కడ మొదలుపెడితే టెక్నికల్ టీమ్‌కు ఉత్సాహం వచ్చేస్తుంది, అర్హత లేదని పదో రోజున తెలుస్తుంది. ముందు డేటా షీటు: తేదీలు, ఈఎండీ (బిడ్‌తోపాటు కట్టే ధరావతు), బిడ్ చెల్లుబాటు, ఎన్ని కవర్లు. తర్వాత ప్రీ-క్వాలిఫికేషన్ షరతులు, అంటే పీక్యూ. ఆ తర్వాత మార్కుల పట్టిక. నాలుగోది చెల్లింపుల షెడ్యూలు, ఎస్‌ఎల్‌ఏ పెనాల్టీలు (ఒప్పుకున్న సేవా స్థాయి తప్పితే పడే కోతలు). ఐదోది ముసాయిదా ఒప్పందం. స్కోప్ ఆరోది. ఈ వరుసలో చదివితే వేయాలా వద్దా అనేది ఒక్క పూటలో తేలుతుంది.

వేయాలా, వద్దా అని ఎలా నిర్ణయించాలి?

రెండు రోజుల్లో నిర్ణయం అయిపోవాలి. సమావేశానికి వెళ్లే ముందు ప్రపోజల్ మేనేజర్ మూడు విషయాలు కాగితం మీద పెట్టాలి.

మొదటిది, పీక్యూలోని ప్రతి షరతుకూ ఎదురుగా మన దగ్గర ఇప్పటికే ఉన్న పత్రం పేరు. "తెప్పిస్తాం" అన్నవాటిని విడిగా చూపండి. రెండోది, మార్కుల పట్టిక ప్రకారం మనకు మనమే వేసుకున్న మార్కులు. ఇక్కడ ఉదారంగా ఉండకండి: ప్రాజెక్టుకు కంప్లీషన్ సర్టిఫికెట్ లేకపోతే సున్నా వేసుకోండి. చాలా ఆర్‌ఎఫ్‌పీల్లో కటాఫ్ 70 ఉంటుంది. మీ సొంత లెక్కలో 75 దాటకపోతే, బిడ్లను మూల్యాంకనం చేసే కమిటీ లెక్కలో 70 రావడం కష్టం. మూడోది, డబ్బు. గో-లైవ్ (వ్యవస్థ వాడకంలోకి రావడం) అయ్యాకే మొదటి పెద్ద చెల్లింపు అంటే, అప్పటిదాకా జీతాలు ఎక్కడి నుంచి? గెలిచి నష్టపోవడం ఓడిపోవడం కన్నా ఖరీదైన వ్యవహారం.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం: అన్నీ బాగుండి ఒక్క పీక్యూ షరతు "దాదాపు" సరిపోతోందంటే అది సరిపోనట్టే. ప్రీ-బిడ్‌లో (బిడ్ వేసే ముందు శాఖను ప్రశ్నలు అడిగే దశలో) ఆ షరతు సడలితే వెళ్లండి, లేకపోతే వదిలేయండి. వదిలేసిన టెండరు ఇంకో టెండరుకు మూడు వారాలు మిగులుస్తుంది.

కంప్లయన్స్ మ్యాట్రిక్స్ అంటే ఏమిటి? చెక్‌లిస్టు సరిపోదా?

ఆర్‌ఎఫ్‌పీ వెనకాల వాళ్లు ఇచ్చే చెక్‌లిస్టులో పత్రాల పేర్లే ఉంటాయి, ఆ పత్రాల్లో ఏముండాలో ఉండదు. ప్రతి నిబంధనకూ ఎదురుగా దాని రుజువు చూపే పట్టికే మ్యాట్రిక్స్, అది మీరే కట్టుకోవాలి. ఒక ఎక్సెల్ షీటు చాలు. గడులు: ఆర్‌ఎఫ్‌పీ పేజీ, నిబంధన సంఖ్య, నిబంధన మాటలు యథాతథంగా, ఏ రుజువు కావాలి, ఎవరు ఇవ్వాలి, ఏ తేదీకి, మన బిడ్‌లో ఏ పేజీ, స్థితి.

ఒక నిబంధనను ఎలా విడగొట్టాలో చూడండి. "బిడ్డరుకు గత 3 ఆర్థిక సంవత్సరాల్లో ఐటీ సేవల నుంచి సగటు వార్షిక టర్నోవరు కనీసం 25 కోట్లు ఉండాలి. స్టాట్యుటరీ ఆడిటర్ సర్టిఫికెట్ జతచేయాలి." చదవడానికి ఇది ఒక్క షరతు. మ్యాట్రిక్స్‌లో నాలుగు వరుసలు కావాలి. ఒకటి, ఏ మూడేళ్లు? మే నెలలో టెండరు వస్తే మార్చితో ముగిసిన ఏడాదికి ఆడిట్ అయి ఉండదు. ప్రొవిజనల్ లెక్కలు ఒప్పుకుంటారా, లేక దాని ముందు మూడేళ్లా? రెండు, సగటా, ప్రతి ఏడాదీ 25 కోట్లా? ఇక్కడ సగటు అన్నారు, కానీ ఫారంలో మూడు గడులకూ విడిగా "అర్హత ఉందా" అని అడిగితే ప్రీ-బిడ్‌లో స్పష్టత అడగాలి. మూడు, ఐటీ సేవలు మాత్రమే. హార్డ్‌వేర్ అమ్మకం కలిపి 25 కోట్లు వస్తే కుదరదు, ఆడిటర్ సర్టిఫికెట్‌లో ఆ విభజన కనబడాలి. నాలుగు, స్టాట్యుటరీ ఆడిటర్ (చట్టప్రకారం కంపెనీ నియమించుకున్న ఆడిటర్). వేరే సీఏ సంతకం చేస్తే తిరస్కరించే హక్కు కమిటీకి ఉంటుంది.

దాగి ఉండే షరతుల కోసం మూడు చోట్ల వెతకండి: ఫారాల కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు, మార్కుల పట్టికలో "ఆధారం" అనే గడి, ముసాయిదా ఒప్పందంలో "బిడ్‌తోపాటు సమర్పించిన" అని మొదలయ్యే వాక్యాలు.

21 రోజుల గడువును ఎలా పంచుకోవాలి?

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 ప్రకారం బహిరంగ టెండరుకు మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలి. చేతిలో నిజంగా ఉండేవి పదిహేను పనిదినాలే.

1, 2 రోజులు: చదవడం, నిర్ణయం. 3వ రోజు: మ్యాట్రిక్స్ పూర్తి, కిక్-ఆఫ్, బ్యాంకుకు, ఆడిటర్‌కు, ఓఈఎంలకు (ఉత్పత్తుల తయారీ కంపెనీలకు) అభ్యర్థనలు. 4, 5: ప్రీ-బిడ్ ప్రశ్నలు. 6 నుంచి 11: మొదటి ప్రతి. 12: మొదటి సమీక్ష. 13 నుంచి 16: సవరణ, ధర. 17: తుది సమీక్ష. 18: సంతకాలు, ముద్రలు, పేజీ నంబర్లు, స్కానింగ్. 19: అప్‌లోడ్. 20, 21 ఖాళీ.

ఆ ఖాళీ రోజులు ఎవరైనా అడిగితే ఇవ్వకండి. చివరి రోజుల్లో పోర్టల్ నెమ్మదిస్తుంది, టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే పరికరం) పనిచేయదు, కొరిజెండం (టెండరుకు సవరణ) వస్తుంది. బయటివాళ్ల మీద ఆధారపడే పనులన్నీ 3వ రోజే మొదలవ్వాలి. పూర్తిగా మన చేతుల్లో ఉండేది రాత ఒక్కటే, అది కాస్త ఆలస్యమైనా సర్దుకోవచ్చు. బ్యాంక్ గ్యారంటీ సంగతి అలా కాదు.

ప్రీ-బిడ్ ప్రశ్నలు ఎలా రాయాలి?

నిబంధన సంఖ్య, పేజీ, ఇప్పుడున్న మాటలు, మీరు కోరుతున్న మాటలు, కారణం. ఈ ఐదూ ఉంటే అధికారికి ఫైలు పెట్టడం సులువు. "దయచేసి సడలించగలరు" అని మాత్రమే రాస్తే "ఆర్‌ఎఫ్‌పీ ప్రకారమే" అని జవాబు వస్తుంది. కారణం మీ కంపెనీ కష్టం కాకుండా శాఖకు కలిగే లాభం అయి ఉండాలి: పోటీ పెరుగుతుంది, ఈ షరతుకు తూగే కంపెనీలు చాలా తక్కువ, లేదా పాత మార్గదర్శకాలకు ఇది భిన్నం.

అనుభవం షరతు విషయంలో సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2002 నాటి సూచన ఇప్పటికీ పనికొస్తుంది: అంచనా విలువలో ఒకే పని అయితే 80 శాతం, రెండయితే ఒక్కోటీ 50, మూడయితే ఒక్కోటీ 40. అంచనా విలువను మించిన ఒకే ప్రాజెక్టు అడిగిన ఆర్‌ఎఫ్‌పీ కనబడితే దీన్ని ప్రస్తావించి అడగండి.

షరతు రెండు రకాలుగా అర్థమవుతుంటే, మనకు అనుకూలంగా చదువుకుని ఊరుకోవడం ప్రమాదం. బిడ్లు తెరిచాక దాన్ని ఎలా చదవాలో కమిటీ నిర్ణయిస్తుంది. సమావేశంలో నోటితో ఇచ్చిన హామీ కూడా లెక్కలోకి రాదు. పోర్టల్‌లో కొరిజెండంగా వచ్చినదే టెండరులో భాగం.

కొరిజెండం వచ్చింది. తేదీ ఒక్కటే మారితే పట్టించుకోవాలా?

తప్పకుండా. తేదీ మారితే బ్యాంక్ గ్యారంటీ గడువు మారుతుంది, అఫిడవిట్ల లెక్క మారుతుంది, కొన్నిసార్లు "గత 5 ఏళ్లలో" అన్న కాలం కూడా జరుగుతుంది, దాంతో ఒక పాత ప్రాజెక్టు చేజారిపోవచ్చు. కొరిజెండంతో కొత్త బీఓక్యూ (ధరలు నింపే పట్టిక) ఫైలు పెట్టారేమో చూడండి. పాత బీఓక్యూ నింపి పెట్టుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి కొత్త ఫైలులోనే నింపాలి. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పోర్టల్ చూసే పని ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి. మెయిల్ అలర్టులను నమ్ముకోవద్దు.

అనుభవం నిరూపించడంలో ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటారు?

బిడ్లు పోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

వర్క్ ఆర్డరు పని ఇచ్చారని చెబుతుంది, చేశామని చెప్పదు. కంప్లీషన్ సర్టిఫికెట్ చేశామని చెబుతుంది, కానీ చాలాసార్లు అందులో విలువ ఉండదు. రెండూ కలిపి ఇవ్వాలి, రెండింటిలో ప్రాజెక్టు పేరు, ఆర్డరు సంఖ్య ఒకేలా ఉండాలి. ఆర్డరులో "సమీకృత పౌరసేవల వేదిక" అనీ, సర్టిఫికెట్‌లో "పోర్టల్ అభివృద్ధి పనులు" అనీ ఉంటే కమిటీ సభ్యుడికి అవి రెండు వేర్వేరు పనులు. కొత్త సర్టిఫికెట్ అడిగేటప్పుడు ముసాయిదా మీరే రాసి పంపండి. అందులో ఆర్డరు సంఖ్య, తేదీ, పన్నులు లేకుండా విలువ, మొదలైన తేదీ, గో-లైవ్ తేదీ, పని పరిధి రెండు వాక్యాల్లో, సంతకం చేసినవారి హోదా, కార్యాలయ ఫోన్, మెయిల్ ఉండాలి. చివరివి ఎందుకంటే కమిటీ నేరుగా కనుక్కోవచ్చు.

నడుస్తున్న ప్రాజెక్టు చూపాలంటే ఆర్‌ఎఫ్‌పీ ఒప్పుకుందో లేదో చూడాలి. ఒప్పుకుంటే గో-లైవ్ అయిన దశ వరకు సర్టిఫికెట్, అందిన చెల్లింపుల రుజువు కావాలి. సబ్‌కాంట్రాక్టుగా చేసిన పనిని అసలు క్లయింటు ధ్రువీకరించకపోతే చాలా కమిటీలు లెక్కించవు. ప్రైవేటు క్లయింటు ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) ఉంటే పేరు దాచి సీఏ సర్టిఫికెట్ ఇవ్వచ్చా అన్నది ముందుగా ప్రీ-బిడ్‌లో అడగాలి. కంపెనీ పేరు మారి ఉంటే పాత ఆర్డర్లన్నిటికీ ముందు ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఇచ్చిన పేరు మార్పు సర్టిఫికెట్ పెట్టండి.

గో-లైవ్ అయిన నెలలోనే సర్టిఫికెట్ తీసుకోండి. అధికారి బదిలీ అయ్యాక అడిగితే కొత్తగా వచ్చినవారు పాత ఫైలు తిరగేసి సంతకం పెట్టేసరికి నెలలు పడుతుంది.

సీఏ సర్టిఫికెట్లు, ఐఎస్ఓ, సీఎంఎంఐ పత్రాల్లో ఏం చూడాలి?

సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీదా 18 అంకెలు, అక్షరాల యూడీఐఎన్ (ఆ పత్రానికే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. ఐసీఏఐ (సీఏల సంస్థ) పోర్టల్‌లో దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు, కాబట్టి మీరే ముందు చూసుకోండి. పోర్టల్‌లో నమోదైన అంకెలు, కాగితం మీది అంకెలు ఒకటేనా అన్నది ముఖ్యం. ఐఎస్ఓ, సీఎంఎంఐ (నాణ్యత, పని ప్రక్రియల ప్రమాణాలు) పత్రాలు బిడ్ గడువు తేదీనాటికి చెల్లుబాటులో ఉండాలి. సమాచార భద్రతకు ఇచ్చే ఐఎస్ఓ 27001 పాత 2013 ప్రమాణం మీద ఉన్న సర్టిఫికెట్ల గడువు 2025 అక్టోబరు 31తో ముగిసింది. ఫైలులో పాతది ఉంటే తీసేయండి. సీఎంఎంఐ ఏ యూనిట్‌కు ఇచ్చారో కూడా చదవండి.

ఈఎండీ బ్యాంక్ గ్యారంటీగా ఇస్తే ఏం జాగ్రత్తలు?

కేంద్ర నియమాల్లో ఈఎండీ అంచనా విలువలో 2 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది, బిడ్ చెల్లుబాటు ముగిశాక మరో 45 రోజులు దాని గడువు ఉండాలి. లెక్క వేసి చూడండి. గడువు జూన్ 10, చెల్లుబాటు 180 రోజులు అనుకుంటే డిసెంబరు 7. దానికి 45 రోజులు కలిపితే జనవరి 21. కొరిజెండంతో గడువు 15 రోజులు జరిగితే గ్యారంటీ ఫిబ్రవరి 5 దాకా కావాలి. అందుకే మొదటే ఫిబ్రవరి చివరిదాకా తీయండి. అదనపు కమిషన్ చిన్న మొత్తం, సవరణ తెచ్చుకోవడానికి పట్టే రోజులు విలువైనవి.

గ్యారంటీ మాటలు ఆర్‌ఎఫ్‌పీలో ఇచ్చిన నమూనాను అక్షరం మార్చకుండా ఉండాలి. బ్యాంకులు తమ నమూనాలో ఇస్తామంటాయి, ఒప్పుకోవద్దు. శాఖ పూర్తి పేరు, చిరునామా, మొత్తం అంకెల్లో, అక్షరాల్లో, గడువు, క్లెయిమ్ గడువు, టెండరు సంఖ్య ముసాయిదాలోనే సరిచూడండి. లబ్ధిదారు బ్యాంకు ఐఎఫ్ఎస్సీ అడిగి పెట్టుకుని ఎస్ఎఫ్ఎంఎస్ (బ్యాంకుల మధ్య సందేశాల వ్యవస్థ) ద్వారా ఐఎఫ్ఎన్ 760 కవర్ సందేశం పంపించమని మీ బ్యాంకుకు చెప్పండి, ఆ ప్రింటు గ్యారంటీతో జతచేయండి. గడువు పెంచినప్పుడు వెళ్లేది 767. ఈ సందేశం లేకపోతే శాఖ బ్యాంకు "మాకేమీ అందలేదు" అంటుంది. అసలు ప్రతి కాగితంగా ఇవ్వాలంటే చేరాల్సిన సమయం, గది నంబరు కూడా చూసుకోండి.

మాది ఎంఎస్ఎంఈ. ఈఎండీ, టర్నోవరు, అనుభవం అన్నీ మినహాయింపేనా?

కాదు. ఉద్యమ్ (ఎంఎస్ఎంఈల ప్రభుత్వ పోర్టల్) నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు కేంద్ర టెండర్లలో ఈఎండీ మినహాయింపు, ఉచిత టెండరు పత్రాలు ఉంటాయి. మధ్యతరహా సంస్థలకు, కేవలం కొని అమ్మేవాళ్లకు ఇవి వర్తించవు. టర్నోవరు, పాత అనుభవం సడలింపు టెండరులో రాసి ఉంటేనే దొరుకుతుంది. ధర విషయంలో, మీ కొటేషన్ ఎల్1 (అతి తక్కువ ధర వేసిన బిడ్డరు) మీద 15 శాతం లోపు ఉండి, ఎల్1 సూక్ష్మ, చిన్న సంస్థ కాకపోతే, ఎల్1 ధరకు దిగి కొంత భాగం పొందే అవకాశం ఉంది. రాష్ట్ర టెండర్లలో ఇవన్నీ తమంతట తాము వర్తిస్తాయని అనుకోకండి, ఆ ఆర్‌ఎఫ్‌పీలో ఏముందో అదే.

కన్సార్షియంగా (వేరే కంపెనీలతో కలిసి) వెళ్తే ప్రపోజల్ మేనేజర్‌కు ఏం మారుతుంది?

పత్రాలన్నీ రెండింతలవుతాయి. బ్లాక్‌లిస్టు కాలేదన్న డిక్లరేషన్, పాన్, జీఎస్టీ, సంతకందారుకు అధికారం ఇచ్చే బోర్డు తీర్మానం ప్రతి భాగస్వామి నుంచీ కావాలి. ఒప్పందంలో ఎవరి పని ఏది, లీడ్ ఎవరు, ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యత అన్న మాటలు ఉండాలి. ఏ పీక్యూ షరతు ఏ భాగస్వామి తీరుస్తారో పట్టికగా మొదటి పేజీల్లోనే చూపండి. భాగస్వామి ఇంకో బిడ్‌లో లేరని రాతపూర్వకంగా తీసుకోండి.

టెక్నికల్ ప్రపోజల్ ఎలా రాస్తే మార్కులు పడతాయి?

కమిటీలో ముగ్గురో ఐదుగురో ఉంటారు. అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. చేతిలో మార్కుల షీటు పట్టుకుని, ఒక్కో బిడ్‌లో ఆ అంశం ఎక్కడుందో వెతుకుతారు. కాబట్టి మీ అధ్యాయాల వరుస, పేర్లు మార్కుల పట్టికలో ఉన్నట్టే ఉండాలి. ప్రతి అధ్యాయం మొదట్లో చిన్న పట్టిక: ఏ ప్రమాణం, గరిష్ఠ మార్కులు, మేం చూపుతున్నది, రుజువు ఏ పేజీలో. కంపెనీ చరిత్ర, విజన్, అవార్డుల ఫొటోలు మార్కుల్లో లేకపోతే ఒక పేజీకి మించకూడదు.

అప్రోచ్, మెథడాలజీ భాగంలో పాత ప్రపోజల్ నుంచి తెచ్చి అతికించినది వెంటనే తెలిసిపోతుంది. ఇంకో రాష్ట్రం పేరు మిగిలిపోయిన పేజీ కన్నా అవమానకరమైనది లేదు. అప్పగించే ముందు పాత క్లయింట్ల పేర్లన్నీ ఒక జాబితా రాసుకుని ఫైలులో ఒక్కొక్కటీ వెతకండి. ఆ శాఖ పని తెలిసినట్టు రాయండి: సేవ మీసేవ కౌంటరు ద్వారా వస్తుందా, సచివాలయం ద్వారా వస్తుందా, మండల స్థాయిలో ఎవరు ఆమోదిస్తారు, పాత డేటా ఏ రూపంలో ఉంది, నెట్‌వర్క్ లేని చోట ఏం చేస్తారు. ఈ వివరాలున్న పది పేజీలు డయాగ్రమ్‌లు నిండిన అరవై పేజీల కన్నా ఎక్కువ మార్కులు తెస్తాయి.

సీవీలు ఆర్‌ఎఫ్‌పీ ఫారంలోనే ఉండాలి. అనుభవం నెలల్లో లెక్కవేయండి, రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే ఆ నెలలు ఒకసారే లెక్కించండి. ఆ మనిషి సంతకం, తేదీ తప్పనిసరి. వేరే కంపెనీకి మారిపోయిన ఉద్యోగి సీవీ పెట్టడం అబద్ధపు ప్రకటన కిందికి వస్తుంది, బ్లాక్‌లిస్టుకు అది చాలు.

క్యూసీబీఎస్ లెక్క ఎలా వేస్తారు? ధర ఎంతవరకు పెంచుకోవచ్చు?

టెక్నికల్ మార్కులకూ ధరకూ వాటాలిచ్చి, రెండూ కలిపి విజేతను తేల్చే పద్ధతి క్యూసీబీఎస్. ఉదాహరణ: మీకు టెక్నికల్‌గా 90, ధర 12 కోట్లు. పోటీదారుకు 80, ధర 10 కోట్లు. నిష్పత్తి 70:30, టెక్నికల్ మార్కులను బిడ్డర్లలో వచ్చిన అత్యధిక మార్కులతో భాగిస్తారనుకుందాం (దీన్నే నార్మలైజ్ చేయడం అంటారు). మీ మొత్తం 70 + 30 × (10/12) = 95. వాళ్లది 70 × (80/90) + 30 = 92.22. రెండు కోట్లు ఎక్కువైనా మీరే గెలుస్తారు. 13.5 కోట్ల దగ్గర ఇద్దరూ సమానం. భాగించకుండా నేరుగా 90లో 70 శాతం తీసుకుంటే ఆ సమాన ధర 13.04 కోట్లకు పడిపోతుంది. అంటే "నార్మలైజ్ చేస్తారా" అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ 46 లక్షల విలువైనది.

అదే నిష్పత్తి 30:70 అయితే మీది 88.33, వాళ్లది 96.67. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సాధారణ సూచనల ప్రకారం కన్సల్టెన్సీ కాని సేవల్లో, పనుల్లో క్యూసీబీఎస్ వాడితే ధరేతర అంశాలకు 30 శాతం మించకూడదు. కన్సల్టెన్సీలో టెక్నికల్ వాటా 80 దాకా వెళ్లవచ్చు. కాబట్టి టెండరు ఏ వర్గంలో ఉందో చూశాకే టెక్నికల్ మీద ఎంత శ్రమ పెట్టాలో, ధర మీద ఎంత పోరాడాలో తేల్చుకోవాలి. ఈ లెక్కల షీటు 12వ రోజుకల్లా ఫైనాన్స్ చేతిలో ఉండాలి.

బీఓక్యూలో తప్పు పడితే తర్వాత దిద్దుకోవచ్చా?

లేదనే అనుకోండి. పశ్చిమ బెంగాల్‌లో ఒక రోడ్డు మీద టోల్ వసూలు టెండరులో ఒక బిడ్డరు 1,095 రోజులకు మొత్తం రాయాల్సిన గడిలో ఒక రోజు మొత్తం 9,72,999 రూపాయలు రాశారు. అసలు ఉద్దేశం 106,54,33,905 రూపాయలు. హైకోర్టు దిద్దుకోనిచ్చినా 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ధర కవరు తెరిచాక మార్పు కుదరదన్నది అక్కడ తేలిన విషయం.

కాబట్టి: గడి శీర్షికలో యూనిట్ ఏమిటో చదవండి, నెలకా ఏడాదికా మొత్తానికా. జీఎస్టీ కలిపా, వేరేగానా. రూపాయల్లోనా లక్షల్లోనా. ధర కట్టిన మనిషి కాకుండా ఇంకొకరు కాగితం మీద గుణించి చూడాలి. ఫైలు పేరు మార్చకండి, రక్షణ ఉన్న గడులు తెరవకండి, మార్చినట్టు తేలితే బిడ్ పోతుంది. ఏ గడిలోనైనా సున్నా పెట్టాలనిపిస్తే ముందు ఆర్‌ఎఫ్‌పీ చూడండి, సేవలకు సున్నా ధర రాస్తే బిడ్‌ను చెల్లనిదిగా తీసేసే నియమం చాలాచోట్ల ఉంది. ఇంకో ముఖ్యమైన మాట: టెక్నికల్ కవరులో ధర పొరపాటున కూడా కనబడకూడదు. ఓఈఎం ఇచ్చిన కొటేషన్ పేజీ టెక్నికల్ పీడీఎఫ్‌లో కలిసిపోవడం మామూలుగా జరిగే తప్పు.

ఎన్ని సమీక్షలు కావాలి? ఎవరు చేయాలి?

రెండు. మొదటిది కంప్లయన్స్ సమీక్ష: మ్యాట్రిక్స్ పట్టుకుని ప్రతి వరుసా ఉందా లేదా, అంతే. భాష గురించి మాట్లాడకూడదు. రెండోదానికి బిడ్‌లో పనిచేయని ఇద్దరిని కూర్చోబెట్టి మార్కుల షీటు ఇచ్చి, కమిటీ అనుకుని మార్కులు వేయమనండి. వారు తక్కువ వేసిన చోట వాదించకండి, అక్కడ దిద్దండి. ఎండీ ఆఖరి రాత్రి చదివి పరిష్కారం మార్చమనే అలవాటు ఉంటే, ఆయనను 12వ రోజు సమీక్షకే పిలవండి.

అప్‌లోడ్ రోజు ఏం సరిచూడాలి?

క్లాస్ 3 డిజిటల్ సంతకం, సైనింగ్, ఎన్‌క్రిప్షన్ రెండూ, గడువు తేదీ. ఇది అప్‌లోడ్ రోజున కాదు, కిక్-ఆఫ్ రోజున చూడాలి. టోకెన్ పాస్‌వర్డ్ పదేపదే తప్పుగా కొడితే లాక్ అవుతుంది. ఎవరి పేరు మీద టోకెన్ ఉందో వారికే పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి.

ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వేదిక మీద నడిచే పోర్టళ్లలో స్కానింగ్ 100 డీపీఐ, నలుపు-తెలుపు అని సూచన ఉంటుంది. సర్టిఫికెట్ల మీద ముద్రలు, యూడీఐఎన్ చదవగలిగేలా ఉన్నాయో లేదో తెర మీద తెరిచి చూడండి. పత్రాలన్నీ ఎక్కించి ఆగిపోకండి, చివర "ఫ్రీజ్" నొక్కితేనే బిడ్ సమర్పించినట్టు. రసీదు పీడీఎఫ్ దాచుకోండి. గడువు లోపల మళ్లీ మార్చి సమర్పించవచ్చు, కానీ "విత్‌డ్రా" నొక్కితే ఆ టెండరులో మళ్లీ వేయలేరు. ఈ రెండు బటన్ల తేడా అప్‌లోడ్ చేసే మనిషికి ముందే చెప్పండి. సమయం విషయంలో పోర్టల్ సర్వర్ గడియారమే ప్రమాణం.

తిరస్కరించారు, లేదా పత్రం తక్కువైందన్నారు. ఏం చేయాలి?

కమిటీ అడగగలిగేది బిడ్ తెరిచేనాటికే ఉన్న పత్రాన్ని మాత్రమే: పాత కంప్లీషన్ సర్టిఫికెట్ ప్రతి, పాన్ లాంటివి. బిడ్ తర్వాత తేదీతో కొత్తగా తెచ్చిన పత్రం పనికిరాదు. అడిగిన రోజునే పోర్టల్ ద్వారానే పంపండి. తిరస్కరణ కారణం అడిగితే చెప్పాలన్నది జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోనే ఉంది. జెమ్‌లో (కేంద్రం నడిపే ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్‌లో) అభ్యంతరం చెప్పే వ్యవధి చాలా చిన్నది, చాలా బిడ్లలో రెండు రోజులే, కాబట్టి ఫలితం రోజూ చూడండి. అభ్యంతర లేఖ ఒక పేజీ చాలు: నిబంధన, మన పత్రం, పేజీ సంఖ్య. ఆవేశం వద్దు. హైకోర్టుకు వెళ్లే ముందు, 1994 నాటి టాటా సెల్యులార్ తీర్పు నుంచి కోర్టులు చూస్తున్నది నిర్ణయం తీసుకున్న తీరునే అనీ, నిర్ణయం మంచిదా కాదా అన్నది కాదనీ మీ యాజమాన్యానికి చెప్పాలి.

ఓడిపోయిన బిడ్ ఫైలుతో ఏం చేయాలి?

పోర్టల్‌లో టెక్నికల్, ఫైనాన్షియల్ సమ్మరీలు కనబడినప్పుడే దించుకోండి. పోటీదారుల ధరలు, మార్కులు ఒక షీటులో టెండరు వారీగా నమోదు చేస్తూ పోతే ఏడాది తిరిగేసరికి ఎవరు ఏ శాఖలో ఏ రేటుకు వస్తున్నారో తెలుస్తుంది. మనం వేసుకున్న మార్కులు, కమిటీ వేసినవి పక్కపక్కన పెట్టండి. పది మార్కులకు మించి తేడా ఉన్న అంశం మీద సమాచార హక్కు చట్టం కింద మూల్యాంకన పత్రం అడగవచ్చు, ఒప్పందం కుదిరాక అడిగితే దొరికే అవకాశం ఎక్కువ.

ఈఎండీ సంగతి మరిచిపోకండి. ఓడినవారికి ఒప్పందం ఇచ్చిన 30వ రోజులోపు వాపసు ఇవ్వాలన్నది కేంద్ర నియమం, కానీ అడగనిదే కదలని ఫైళ్లు చాలా ఉంటాయి. బ్యాంక్ గ్యారంటీ అయితే అసలు ప్రతి వెనక్కి తెచ్చి మీ బ్యాంకులో రద్దు చేయించేదాకా మీ లిమిట్, మార్జిన్ డిపాజిట్ అందులోనే ఇరుక్కుని ఉంటాయి, తర్వాతి టెండరుకు గ్యారంటీ అడిగినప్పుడు లిమిట్ లేదంటారు. ఏ గ్యారంటీ ఏ శాఖలో ఉందో, ఎప్పుడు ముగుస్తుందో రాసిన షీటు ఫైనాన్స్‌తో నెలకోసారి కూర్చుని సరిచూడండి.